రూప్లి ఒప్పుకున్న ఇంగ్లీషు ముక్క

ములకలపల్లిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కొదవ లేదు. బ్యాంకు మేనేజరుకు వచ్చు, హైస్కూలు సార్లకు వచ్చు, మండలాఫీసులో నలుగురైదుగురికి వచ్చీ రానట్టు వచ్చు. అయినా ఇంట్లో మనిషి పోతే జనం వీళ్లెవరి గుమ్మమూ తొక్కరు. బస్టాండు పక్కన ఫ్లెక్సుల దుకాణం నడిపే వజీర్ దగ్గరికే పోతారు. ఏడో తరగతితో బడి మానేసిన వజీర్‌ను, బతికున్న మనిషితో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడమంటే చెమటలు పడతాయి. చనిపోయినవాళ్ల గురించి మాత్రం ఏ మాట ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని ఊరి నమ్మకం. ఆ నమ్మకం ఆయనక్కూడా కొంచెం ఉంది.

శ్రద్ధాంజలి ఫ్లెక్సుకు ఇక్కడొక పద్ధతి ఉంది. పైన ఫొటో, దాని పక్కన వెలుగుతున్న దీపం, కింద ఇంటివాళ్ల పేర్లు పెద్దాచిన్నా వరసలో. పేర్లన్నీ తెలుగులోనే. కానీ నడుమ బంగారు రంగులో ఒక్క ఇంగ్లీషు లైను పడి తీరాలి. పోయినాయనకు ఇంగ్లీషు రాదు, పెట్టించేవాళ్లకు అంతంతమాత్రం, దారిన పోయేవాళ్లు ఆగి చదవరు. అయినా అది లేకపోతే ఫ్లెక్సు బోసిగా ఉందంటారు. ఎందుకయ్యా అని అడిగితే మర్యాద అంటారు. మర్యాద అన్నాక ఇంక వాదించేదేముంది?

వజీర్ తండ్రి మోయిజ్ రేకు డబ్బాలకు మాట్లు వేసేవాడు. కొడుక్కి రేకు మీద సుత్తి కంటే కుంచె బాగా నడిచింది. మణుగూరు బొగ్గు లారీల వెనక 'హారన్ ప్లీజ్', ముందు 'హ్యాపీ జర్నీ' రాస్తూ ఆయన పడుచుతనం గడిచింది. ఆ రోజుల్లోనే ఒక లారీ డ్రైవరు గుండెపోటుతో పోతే, తోటి డ్రైవర్లు గుడ్డ బ్యానరు తెచ్చి ఫొటో కింద ఇంగ్లీషులో ఏదైనా రాయమన్నారు. వజీర్‌కు తెలిసిన ఇంగ్లీషంతా లారీలదే. అందులో కాస్త మర్యాదగా కనబడింది తీసి రాసేశాడు. దండ వేసిన డ్రైవరు ఫొటో కింద పెద్దక్షరాలతో 'హ్యాపీ జర్నీ'. డ్రైవర్లు చేతులు జోడించి, కళ్లు తుడుచుకుని పోయారు తప్ప ఒక్కడూ ఇదేంటని అడగలేదు. నలభై ఏళ్లలో నువ్వు రాసిన వాటిల్లో సరిగ్గా కుదిరింది అదొక్కటే అని భార్య ఖమరున్నీసా ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. దుకాణంలో లామినేషనూ జిరాక్సూ ఆమెవే. ఏ మతంవాళ్ల ఫ్లెక్సు బయటికొచ్చినా ఆ ఫొటో చూసి పెదవుల్లోనే ఒక దువా చదివి పక్కన పెడుతుంది.

కుంచెలు పోయి ఫ్లెక్సు మిషన్లు వచ్చాక వజీర్ పని తేలికైంది. నెట్‌లో కనబడ్డ లైను కోసి అతికించడమే. అలా ఏడాది గడిచాక ఒక సంత రోజున ఎవరో ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "నా కొడుకు బొమ్మ కింద ఏం రాసినవ్ నాయనా? దినాం దాని కిందికెల్లే పోత, ఏం రాసి ఉన్నదో తెల్వది," అంది. వజీర్‌కూ తెలియదు. "మంచిదే రాసిన పెద్దమ్మా," అని తప్పించుకుని వచ్చాడు. కానీ ఆ పూట అన్నం సయించలేదు. కొడుకును పోగొట్టుకున్న మనిషి నెత్తి మీద తెలియని మాట వేలాడదీసి వచ్చానని సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు పోయి రిటైర్డు హెడ్మాస్టరు పోతయ్య సారు అరుగు మీద కూర్చున్నాడు. సారు ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాడు. 'ఎక్స్‌పైర్డ్' అనేది సెలవు చీటీల్లో రాసుకోనీ, ఫొటో కింద వద్దు, మందు సీసా గుర్తొస్తది అన్నాడు. 'డిమైజ్' ఆఫీసులవాళ్లు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లోది. 'పాస్డ్ అవే' మెత్తటిది, ముసలివాళ్లకు బాగుంటుంది. 'లేట్' పేరుకు ముందు ఒక్కచోట చాలు, ప్రతి లైనులో దూర్చొద్దు. ఇక 'ఇన్ మెమరీ ఆఫ్', 'ఇన్ లవింగ్ మెమరీ ఆఫ్', 'ఇన్ ఫాండ్ రిమెంబరెన్స్', ఇవన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కానీ ఒకదాని మొగుణ్ని ఇంకొకదానికి అంటగట్టకు అని నవ్వాడు. వజీర్ అన్నీ నోటుబుక్కులో తెలుగక్షరాల్లో రాసుకున్నాడు.

అప్పట్నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ఆర్డరు ఎవరిచ్చినా సరే, ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషి దగ్గరికి తనే పోయి, ఇంగ్లీషు లైనుకు అర్థం తెలుగులో చదివి వినిపిస్తాడు. ఆమె అవ్ అంటేనే ప్రింటు. కొడుకులు విసుక్కుంటారు, అల్లుళ్లు ఇంకో దుకాణం చూసుకుంటామంటారు. చూసుకొమ్మంటాడు. ఇన్నేళ్లలో ఏ ఆడమనిషీ కాదన్నది లేదు. వింటుంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది, అవ్ నాయనా అంటుంది. వజీర్ బండెక్కి వచ్చేస్తాడు.

మొన్న వానాకాలంలో కోటేష్ వచ్చాడు. రాళ్లవాగు తండా కుర్రాడు, మణుగూరు గనుల్లో ఉద్యోగం. తండ్రి ధన్‌సింగ్ పోయి ఐదు రోజులైంది, పదకొండో రోజు దినం. గనుల్లోంచి స్నేహితులూ సూపర్‌వైజరూ వస్తారు, కాబట్టి ఫ్లెక్సు దర్జాగా ఉండాలి.

"ఇన్ లవింగ్ మెమరీ ఆఫ్ అని పెట్టు వజీర్ చాచా. కాలనీల అందరు గదే పెడుతున్నరు."

"పెడత గని, మీ యాడికి ఒకసారి చదివి చెప్పొస్త," అన్నాడు వజీర్. యాడి అంటే లంబాడీ ఇళ్లల్లో తల్లి.

"ఆమెకేం తెలుస్తది చాచా?"

"తెల్వదనే గదా చెప్పేది."

మర్నాడు పొద్దున్న వజీర్ మోపెడ్ వేసుకుని తండాకు పోయాడు. ధన్‌సింగ్ భార్య రూప్లి వసారాలో గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, మామూలుగా గట్టి పిండమే, ఆరు రోజుల్లో బాగా నీరసించిపోయింది. అమ్మ ఏమీ తినడం లేదని, గంజి నీళ్లతో నెట్టుకొస్తోందని గుమ్మంలోనే కూతురు ద్వాలి చెప్పింది. వజీర్ ఎదురుగా పీట మీద కూర్చుని, లైన్లు రాసుకొచ్చిన కాగితం తీశాడు.

"అక్కా, కోటేష్ ఈ మాట రాయమన్నడు. ఇన్ లవింగ్ మెమరీ ఆఫ్. అంటే, ప్రేమతోని యాది చేసుకుంటున్నం అని."

"ఎవరి ప్రేమ?" అంది రూప్లి.

ఇన్నేళ్లలో వజీర్‌ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "అంటే, ఇంటోళ్లది."

"కింద మొదాలు ఎవరి పేరు ఉంటది?"

"నీదే అక్కా. భార్య రూప్లి."

"గట్లయితే నా ప్రేమ అన్నట్టే గదా తమ్మీ." ఆమె గొంతులో కోపం లేదు. బజారులో వంకాయ తిప్పి చూసినట్టు ఆ మాటను తిప్పి చూస్తోంది. "పదకొండేండ్లు నాతోని నోరు తెరవని మనిషి. తండకు తండ ఎరుక. ఇప్పుడు ప్రేమ అని గంత పెద్దగ రాసి తొవ్వ మొగదల కడితే, దినం నాడు ఆడోళ్లు కొంగులడ్డం పెట్టుకొని నవ్వరా? ఆయన్ను జూసి నవ్వుతరు, నన్ను జూసి నవ్వుతరు. పోయిన మనిషి నవ్వులపాలు గావొద్దు. నేను ఈడనే బతకాలె, నేను గూడ గావొద్దు."

ఈ సంగతి వజీర్‌కు తెలియనిది కాదు. ధన్‌సింగ్ మాటంటే మాటే అని తండాలోనూ చుట్టుపక్కలా పేరు. చేలగట్ల తగువులకు ఆయన్నే పిలుచుకుపోయేవాళ్లు. పదకొండేళ్ల కిందట తీజ్ పండక్కి ఇల్లందు నుంచి డప్పులవాళ్లను తెస్తానని నలుగురిలో ఒప్పుకున్నాడు. దారిలో జీపు చెడిపోయి డప్పులవాళ్లు రాలేదు. వాగులో కలపాల్సిన మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపిల్లలంతా నిలబడిపోయారు. రూప్లికి ఒళ్లు మండి, "ఈయన మాట పట్టుకుంటే పండుగ చప్పుడు లేకుంట అయితది," అని అందరి ముందూ అనేసింది. "ఇగ నీతోని ఒక్క మాట మాట్లాడితే అడుగు," అన్నాడు ధన్‌సింగ్. అన్నాడంటే అన్నాడే. మాట నిలబెట్టుకోవడం వచ్చో రాదో భార్యకు చూపించడానికి మిగిలిన బతుకంతా వాడేశాడు.

అలాగని ఇల్లు ఆగిందా అంటే ఆగలేదు. పిల్లలున్నన్నాళ్లు "మీ అమ్మకు చెప్పు" అంటూ నడిచింది. పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయాక ధన్‌సింగ్ పొయ్యితో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఉప్పు అయిపోయినట్టున్నది," అనేవాడు పొయ్యి వైపు చూసి. "నిన్ననే అయింది, తెచ్చేటోళ్లు ఉంటే గదా," అని రూప్లీ పొయ్యికే చెప్పేది. వినేవాళ్లకు నవ్వులాట. మొదట్లో తనకూ నవ్వులాటగానే ఉండేదని రూప్లి ఒకసారి ఖమరున్నీసాతో అందట.

వజీర్ కాగితం మీద వేలు కిందికి జరిపాడు. 'యువర్ వర్డ్స్ విల్ గైడ్ అస్' అనే లైను ఒకటి కనబడింది. నీ మాటలే మాకు దారి చూపుతాయని దానర్థం. దాన్ని బొటనవేలితో మూసి కింది లైనుకు పోయాడు.

"ఇన్ ఫాండ్ రిమెంబరెన్స్. ప్రేమ అంత లేదు గని, ముద్దుగ తలుచుకుంటున్నం అని."

"ముద్దు గూడనా?" అంది రూప్లి. వజీర్ దగ్గాడు.

"రెస్ట్ ఇన్ పీస్. నిమ్మళంగ పండుకో అని."

"ఆయన నిమ్మళంగనే ఉండె. నిమ్మళం లేనిది నాకు."

"యూ విల్ బీ మిస్డ్. నువ్వు లేని లోటు మాకు ఉంటది అని."

"ఉంటది ఏంది? పదకొండేండ్ల సంది ఉన్నది."

ఈసారి వజీర్‌కు నవ్వు రాలేదు. తన నోటుబుక్కులో నలభై రెండు లైన్లున్నాయి, ఒక్కటీ ఈ ఇంటికి పనికొచ్చేలా లేదు. "ఇన్ ఆనర్ ఆఫ్ అని ఒకటున్నదక్కా. గౌరవంగ అని. ఇది ఎక్కువ బతికున్నోళ్లకు పెడుతరు గని, పెట్టొచ్చు."

"గౌరవం తండ ఇచ్చింది. నేను విడిగ ఇచ్చేదేమున్నది? ఇంకేం లేవా?"

"ఉత్త 'ఇన్ మెమరీ ఆఫ్' ఉన్నది. ప్రేమ లేదు, ముద్దు లేదు. యాదిల అని. గంతే."

వసారా చివర కట్టేసిన మేక తాడు చుట్టుకుని అరుస్తుంటే ద్వాలి లేచిపోయి విప్పింది. "యాది ఉన్నది," అంది రూప్లి చివరికి. "అబద్ధం గాదు అది. అదే పెట్టు."

హమ్మయ్య అనుకుని వజీర్ ఆ లైను చుట్టూ పెన్నుతో గీత గీశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేవబోయాడు.

"కూసో తమ్మీ. ఇంకో మాట రాయాలె. దాని కింద, చిన్నగ. ఇంగ్లీషులనే రాయాలె."

"చెప్పక్కా."

రూప్లి ద్వాలి ఎక్కడుందో చూసింది. కూతురు దూరంగా మేక దగ్గరే ఉంది. అప్పుడు గొంతు తగ్గించింది.

"భద్రాచలం దవాఖానల ఎనిమిది దినాలు ఉన్నం. నేను ఆయన మంచం పక్కన స్టూలు మీదనే. ఆడ పొయ్యి లేదు గదా మాట్లాడుకునేతందుకు. ఆయన పైకి జూస్తడు, నేను కిందికి జూస్త. ఆఖరి దినం మాపటీలి నర్సమ్మ సూది ఏసేతందుకు వచ్చింది. నర్సమ్మతోని అన్నడు, ఆమెను తినమను, పొద్దుగాల సంది ఏం తినలేదు అని."

వజీర్ పెన్ను దించాడు.

"నాకు ఇనబడ్డది. నర్సమ్మ మళ్ల చెప్పింది. నేనేమన్ననో ఎరుకనా? నోరున్నది గదా, నాకే చెప్పమను, గప్పుడు తింట అన్న." రూప్లి చీర అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "ఆయన నవ్విండు తమ్మీ. పండ్లు కనబడెటట్టు నవ్విండు. నన్నే జూసి. ఏమంటడో అని జూసిన. దీపాలు పెట్టే యాళ్లకు పోయిండు."

ఆమె ఏడవలేదు. ఏడుపొచ్చింది వజీర్‌కే. పెన్ను మూత తీసీ పెట్టీ కాసేపు తంటాలు పడ్డాడు.

"నేను జవాబియ్యలే," అంది రూప్లి. "ఆయన అడిగిండు, నేను మొండికేసిన. పదకొండేండ్లు ఆయన మొండి అనుకున్న. ఆఖరికి నేనే గెలిసిన. ఏం గెలుపో. అందుకు రాయాలె. తిన్న అని రాయి."

"ఇంగ్లీషుల ఎందుకక్కా మరి? తెలుగుల రాస్త."

"తెలుగుల రాస్తే తండల అందరు అడుగుతరు, ఏం తిన్నవ్, ఎందుకు తిన్నవ్ అని. ఇంగ్లీషుల అయితే అదేదో పెద్ద మాట అనుకొని దండం పెట్టి పోతరు. బడి పిల్లగాళ్లు చదివి నవ్వితే నవ్వనీ. ఆ నవ్వు నాకు తగలది. ఆయనకు నాకు తెలిసిన ముచ్చట అది."

వజీర్ కాగితం మళ్లీ తీసి మోకాలి మీద పరిచాడు. పోతయ్య సారు చెప్పిన లైన్లలో ఇది లేదు. నెట్‌లో ఏ పావురం పక్కనా, ఏ దీపం పక్కనా ఉండి ఉండదు. ఇంత చిన్న ఇంగ్లీషు తనకు సొంతంగానే వచ్చని అప్పుడే ఆయనకు తట్టింది. ఒక్కొక్క అక్షరం పేర్చి రాశాడు. 'ఐ హావ్ ఈటెన్.' పైకి చదివి, "నేను తిన్న అని," అన్నాడు. ఇకనుంచి రోజూ దాని కిందినుంచే నడిచే మనిషి తల ఊపింది.

కానీ ఆమె ఒప్పుకుంది కదా అని వజీర్ లేచి పోలేకపోయాడు.

"అక్కా, తిన్నవా మరి?"

రూప్లి చీర అంచు మళ్లీ వేలికి చుట్టుకుంది.

"తినలేదని ద్వాలి చెప్పింది. ఇందాక నువ్వే అన్నవ్, ప్రేమ అని రాస్తే అబద్ధమైతది, వద్దు అని. నేను తీసేసిన. ఇప్పుడు ఇదెట్ల రాయాలె? ఆయన పేరు కింద అబద్ధం పెట్టమంటవా? నేను పెట్ట." ఎన్నడూ లేనిది తన గొంతు కాస్త గట్టిగా వచ్చిందని వజీర్‌కే అనిపించింది. కానీ వెనక్కి తగ్గలేదు. "నాకు తొందర లేదు. ఈడనే కూసుంట."

ఎవరితో వాదనకు దిగినా ఓడిపోయే రకం కాదు రూప్లి. అయినా మేక వైపు తిరిగి కేకేసింది. "ద్వాలీ, రొట్టె ఉన్నదా?"

ద్వాలి మేకను వదిలేసి పరుగున లోపలికి పోయింది. రెండు జొన్న రొట్టెలు, పప్పు, ఒక పచ్చిమిరపకాయ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. తల్లి ముందు పెట్టి, మాట్లాడితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నోరు మూసుకుని తలుపు దగ్గర నిలబడింది. రూప్లి రొట్టె తుంచి పప్పులో అద్దుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయినట్టు కొంచెంసేపు అలాగే ఉండి, తర్వాత నమిలింది.

అప్పుడే కోటేష్ టెంటువాళ్లతో మాట్లాడి వచ్చాడు. వజీర్ మోకాలి మీది కాగితం తీసి చూశాడు. 'లవింగ్' పోయింది, కింద ఎక్కడా లేని లైనొకటి వచ్చింది. "గిదేంది చాచా? ఐ హావ్ ఈటెన్ ఏంది? మా సూపర్‌వైజర్ చదువుతడు, జనం ఏమనుకుంటరు?" అంటూ తల తిప్పాడు. తల్లి ముందు పళ్లెం కనబడింది. దవాఖానా నుంచి వచ్చింది మొదలు ఆమెను ఒక్క ముద్ద తినమని కాళ్లావేళ్లా పడుతున్నవాడు. కాగితాన్ని మెల్లగా ఎక్కడిదక్కడ పెట్టేసి, చెంబుతో నీళ్లు తెచ్చి తల్లి పక్కన పెట్టి, అక్కడే కింద కూర్చున్నాడు.

వజీర్ బయటికొచ్చి మోపెడ్ దగ్గర నిలబడి కాగితం ఫొటో తీసి దుకాణానికి పంపాడు. రెండు నిమిషాల్లో ఖమరున్నీసా ఫోను చేసింది.

"కింది లైను ఏంది జీ? ఇసొంటిది ఎన్నడు కొట్టలేదు. కరెక్టేనా, మళ్ల హ్యాపీ జర్నీ లెక్క చేసినవా?"

వజీర్ వసారా వైపు చూశాడు. రూప్లి రెండో రొట్టె తుంచుతోంది.

"కరెక్టే," అన్నాడు. "నా కండ్ల ముందలే తింటున్నది. ప్రింటు కొట్టు."